తోలుపని వయసెంత?

బడి పుస్తకాల్లో ఆదిమానవుడి బొమ్మ ఒకటి ఉంటుంది. చేతిలో రాయి, చింపిరి జుట్టు, నడుముకు చుట్టుకున్న తోలు. పక్కన పాఠంలో ఆదిమానవుడు రాతి పనిముట్లు చేసుకున్నాడనీ, జంతువుల తోళ్ళు ధరించాడనీ రాసి ఉంటుంది. రాళ్ళ గురించి ఇంకా చాలా చెబుతారు. పాతరాతి యుగం, మధ్యరాతి యుగం, కొత్తరాతి యుగం అని పేర్లు పెట్టి పిల్లల చేత బట్టీ పట్టిస్తారు. తోలు గురించి మాత్రం ఆ ఒక్క ముక్కే.

మేము నడిపే అధ్యయన తరగతిలో ఒకసారి ఈ పాఠం చర్చకొచ్చింది. డిగ్రీ చదివే ఒక అమ్మాయి, "జంతువును చంపారు, తోలు ఒలిచారు, కట్టుకున్నారు. అందులో చెప్పడానికి ఏముంది?" అంది. వెనక కూచున్న పెద్దాయన నవ్వాడు. వయసులో ఉన్నప్పుడు లంద పని చేసిన మనిషి. "పచ్చితోలు ఎట్ల కట్టుకుంటరు బిడ్డా? మూడొద్దులకు కంపుగొడ్తది. ఎండబెడితే చెక్క లెక్క అయితది. పని చెయ్యకుంట తోలు తోలెట్లయితది?" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని పట్టుకుంది. నిజమే. అప్పుడే ఒలిచిన తోలు ఒంటికి కట్టుకునే వస్తువు కాదు. లోపలి పొర, కొవ్వు గీకాలి. కుళ్ళకుండా ఆపాలి. ఎండాక బిరుసెక్కకుండా కొవ్వో మెదడో పూసి, పిసికి, పొగబెట్టి మెత్తన చేయాలి. మన ఊళ్ళల్లో అయితే సున్నపు నీళ్ళల్లో నానేసి వెంట్రుక ఊడగొట్టి, తంగేడు చెక్క నీళ్ళల్లో రోజుల తరబడి ఊరబెట్టేవాళ్ళు. ఇదంతా తెలిసినవాళ్ళు లేకపోతే ఆ బొమ్మలోని మనిషి నడుముకు తోలు లేదు. మరి వాళ్ళెవరు? ఈ పని వయసెంత?

ఉత్త కుతూహలం కొద్దీ మేము ఈ ప్రశ్న వేయడం లేదు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళితుల్ని పట్టుకుని, నలుగురిని బండికి కట్టేసి, పదిమందీ చూస్తుండగా కొట్టారు. ఒక పనిని పట్టుకుని మనిషిని కొట్టగలుగుతున్నారంటే, ఆ పని పుట్టుకతోనే నీచమైనదనే నమ్మకం కొట్టేవాడిలో ఉంది. చూస్తూ నిలబడ్డవాళ్ళలోనూ ఉంది. బాధాకరమైన సంగతేమంటే, కొన్నిసార్లు మనలో కూడా ఉంది. ఆ నమ్మకం నిజమా కాదా అన్నది చరిత్రే తేల్చాలి. గ్రంథాల చరిత్ర ఇందుకు సరిపోదు. రాత పుట్టకముందు లక్షల ఏళ్ళు మనుషులు బతికారు. ఆ కాలంలోకి వెళ్ళి చూడాలి.

రాయి మిగిలింది, తోలు కుళ్ళింది

చరిత్రపూర్వ కాలాన్ని రాతి యుగం, కంచు యుగం, ఇనుప యుగం అని విడగొట్టినవాడు డెన్మార్క్‌కు చెందిన క్రిస్టియన్ థామ్సన్. కోపెన్‌హేగన్ మ్యూజియంలో వస్తువులు సర్దడానికి ఆయన ఈ పద్ధతి పెట్టుకున్నాడు. 1836లో అది అచ్చయింది. ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. మంచి పద్ధతే. అయితే ఆ పేర్లన్నీ మ్యూజియం బీరువాలో మిగిలిన వస్తువుల పేర్లు. మనుషులు రోజంతా దేనితో బతికారో వాటి పేర్లు కావు. రాయి కుళ్ళదు, కాబట్టి మిగిలింది. కట్టె, నార, బుట్ట, తాడు, తోలు మట్టిలో కలిసిపోయాయి. చెప్పాలంటే రాతి యుగంలో రాయి చాలావరకు ఇంకో పనికి సాధనం. కట్టెను చెక్కడానికి, మాంసం కోయడానికి, తోలు గీకడానికి. సాధనానికి పేరొచ్చింది. దానితో చేసిన సరుకు చరిత్ర లోంచి జారిపోయింది.

దీనికి తోడు ఇంకో సంగతి. చాలాకాలం పాటు పురావస్తు శాస్త్రంలో వేటగాడికి దక్కిన చోటు వేట తర్వాత పనికి దక్కలేదు. ఈటె విసిరిన చెయ్యి వీరుడిది. ఆ తర్వాత కూచుని రోజుల తరబడి తోలు గీకిన చెయ్యి ఎవరిదో అడిగినవాళ్ళు తక్కువ. ఆధిపత్య కులాల చరిత్రలో రాజుకూ చాకిరీ చేసినవాడికీ మధ్య ఏ తేడా చూపిస్తారో, ఇక్కడా అదే తేడా.

ఎముక మీద గాటు, రాయి మీద మెరుపు

మరి కుళ్ళిపోయిన తోలును లెక్కలోకి తెచ్చేది ఎట్లా? తోలు పోయినా, తోలు మీద పని జరిగిన గుర్తులు వేరేచోట మిగులుతాయి. పురావస్తు పరిశోధకులు ఆ గుర్తులు చదవడం నేర్చుకున్నారు.

మొదటిది ఎముక. జంతువును కోసినప్పుడు కత్తి ఎముకకు తగిలి గాటు పడుతుంది. తొడ ఎముక మీద గాటు ఉంటే మాంసం కోసం కోశారనుకోవచ్చు. పాదాల ఎముకల మీద మాంసం ఏముంటుంది? అక్కడ సన్నని గాట్లు ఉన్నాయంటే తోలును చినగకుండా ఒలిచారన్నమాట. పశువును ఒలిచినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. జర్మనీలోని షోనింగెన్‌లో గుహ ఎలుగుబంటి పాదం ఎముకల మీద ఇట్లాంటి గాట్లే దొరికాయి. వాటి వయసు సుమారు 3 లక్షల ఏళ్ళని 2022లో పరిశోధకులు ప్రకటించారు. మన జాతి మనుషులు యూరప్‌లో అడుగుపెట్టడానికి చాలా ముందరి మాట అది.

రెండోది రాయి అంచు. సోవియట్ పరిశోధకుడు సెర్గే సెమ్యోనోవ్ లెనిన్‌గ్రాడ్‌లో రాతి పనిముట్ల అంచుల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. ఆయన పుస్తకం 1957లో రష్యన్‌లో, 1964లో ఇంగ్లీషులో వచ్చింది. ఆయన చెప్పిందేమిటంటే, పనిముట్టు ఆకారం చూసి దాని పని ఊహించొద్దు, అరుగుదల చూసి చెప్పండి అని. అమెరికాకు చెందిన లారెన్స్ కీలీ ఇంకో అడుగు ముందుకేశాడు. తనే రాళ్ళు కొట్టి పనిముట్లు చేసుకుని, కొన్నిటితో కట్టె గీకాడు, కొన్నిటితో ఎముక కోశాడు, కొన్నిటితో తోలు గీకాడు. కట్టె పనికి వాడిన అంచు నిగనిగలాడుతుంది. తోలు గీకిన అంచు మొద్దుబారి, గుండ్రబడి, మసక మెరుపుతో ఉంటుంది. పరీక్ష కోసం ఇంకొకాయన రహస్యంగా వాడిచ్చిన పనిముట్లు చూసి, ఏది ఏ పని చేసిందో చాలావరకు సరిగ్గా చెప్పాడు. కూలి చేసిన చెయ్యి చూసి ఏం పని చేస్తాడో మన పెద్దలు చెప్పరా? ఇదీ అట్లాంటి విద్యే.

మూడోది పేను. వినడానికి నవ్వొస్తుంది గానీ ఇది గట్టి ఆధారం. తలలో ఉండే పేను వేరు, బట్టల్లో ఉండే పేను వేరు. బట్ట లేకపోతే రెండో పేనుకు బతుకు లేదు. ఈ రెండూ ఎప్పుడు విడిపోయాయో జన్యువుల్ని బట్టి 2011లో లెక్కగట్టారు. కనీసం 83,000 ఏళ్ళ కిందట, బహుశా 1,70,000 ఏళ్ళ కిందటే విడిపోయి ఉంటాయని తేలింది. నూలు, నేత చాలా వెనక వచ్చాయి. అంటే ఆ తొలి బట్ట తోలే అయి ఉండాలి.

ఈ గుర్తులన్నీ ఒకచోట కనిపించేది మొరాకోలో. అట్లాంటిక్ ఒడ్డునున్న కాంట్రబాండియే గుహలో 62 ఎముక పనిముట్లు దొరికాయని 2021లో ఎమిలీ హాలెట్, ఆమె బృందం ప్రకటించారు. వాటి వయసు 1,20,000 నుంచి 90,000 ఏళ్ళు. వాటిలో కొన్ని పక్కటెముకలతో చేసిన వెడల్పాటి, మొన గుండ్రంగా ఉన్న పనిముట్లు. తోలుకు రంధ్రం పడకుండా లోపలి పొర తీయడానికి సరిగ్గా ఆ ఆకారమే కావాలి. అదే గుహలో నక్క, అడవిపిల్లి లాంటి జంతువుల ఎముకల మీద ఒలిచిన గాట్లు ఉన్నాయి. పనిముట్టు, పని రెండూ ఒకేచోట సాక్ష్యం చెబుతున్నాయి.

ఫ్రాన్స్‌లో నియాండర్తల్ మనుషులు వాడిన ఎముక పనిముట్లు 2013లో వెలుగులోకి వచ్చాయి. వయసు 50,000 ఏళ్ళ దరిదాపు. తోలును రుద్ది నునుపు చేసే పనిముట్టు అది. అట్లాంటిదాన్నే తోలు పనివాళ్ళు ఇప్పటికీ వాడుతున్నారు. 2020లో ఆ ఎముకల్లోని ప్రొటీన్‌ను పరీక్షించారు. పనిముట్టును గీకకుండా, అది నిలవున్న ప్లాస్టిక్ డబ్బాకు అంటిన కణాల నుంచే ప్రొటీన్ తీశారు. ఆ చోట వాళ్ళు ఎక్కువగా తిన్నది దుప్పి జాతి జంతువుల్ని. పనిముట్లకు ఏరుకున్నది మాత్రం అడవి ఎద్దు లేక అడవిదున్న పక్కటెముక. అది గట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ఏ ఎముక ఏ పనికి పనికొస్తుందో వాళ్ళకు తెలుసు. దీన్ని జ్ఞానం అనకపోతే దేన్ని అనాలి?

మంచు దాచింది, పేడ దాచింది

అరుదుగా తోలు కూడా దొరుకుతుంది. 1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దు కొండల్లో మంచు కరిగి ఒక మనిషి శవం బయటపడింది. సుమారు 5,300 ఏళ్ళ కిందటి మనిషి. బొగ్గు 14 అనే పదార్థం ఎంత తగ్గిందో చూసి వయసు కట్టే పద్ధతి (విల్లర్డ్ లిబ్బీ 1949లో తెచ్చింది, 1960లో నోబెల్ వచ్చింది) ఇక్కడ పనికొచ్చింది. 2016లో అతని బట్టల జన్యువులు చూశారు. టోపీ ఎలుగుబంటి తోలు. పైకోటు మేక, గొర్రె తోళ్ళు కలిపి కుట్టింది. గోచీ గొర్రె తోలు. చెప్పు తాడు పశువు తోలు. అమ్ముల పొది దుప్పి తోలు. ఏ తోలు ఎక్కడ పనికొస్తుందో తెలిసినవాళ్ళు కుట్టిన బట్టలవి.

ఆర్మేనియాలోని అరేని గుహలో 2008లో ఒక పరిశోధక విద్యార్థినికి చెప్పు దొరికింది. 5,500 ఏళ్ళ కిందటిది. ఒకే ఆవుతోలు ముక్కను మడిచి, తోలు తాడుతో బిగించి చేసింది. లోపల గడ్డి కుక్కి ఉంది. అది కుళ్ళకుండా ఎందుకు నిలిచింది? గుహలో పొడిగాలి ఒక కారణం, పైన మందంగా పేరుకున్న గొర్రె పెంట ఇంకో కారణం. ప్రపంచంలో దొరికిన అతి పాత తోలు చెప్పుల్లో ఒకదాన్ని మనకు దాచిపెట్టింది పెంట. మైల అని ముక్కు మూసుకునే వస్తువులు ఎన్ని చరిత్రకు కాపలా కాశాయో చూడండి.

ఇథియోపియాలో బతికున్న విద్య

అరుగుదల చూస్తే పని తెలుస్తుంది. పనివాళ్ళ బతుకు తెలియదు. దానికోసం పరిశోధకులు ఇప్పటికీ రాతి పనిముట్లతో తోలు గీకుతున్నవాళ్ళ దగ్గరకు వెళ్ళారు. ఇథియోపియా దక్షిణ భాగంలో కొన్సో అనే సమాజం ఉంది. అక్కడ ఈ పని చేసేది ఆడవాళ్ళు. స్టీవెన్ బ్రాండ్ట్, కాథరిన్ వీడ్మన్ ఆర్థర్ వాళ్ళ దగ్గర కూచుని పని చూశారు. రాయి ఏరేది, చెక్కేది, కట్టె పిడికి అమర్చేది, తోలు గీకేది అంతా ఆడవాళ్ళే. రాతి పనిముట్టు అనగానే మగవాడి చేతిలో బొమ్మ గీసే అలవాటుకు వాళ్ళు జవాబు చెప్పారు.

మమ్మల్ని ఆపింది ఇంకో విషయం. దగ్గర్లోని గామో సమాజంలో తోలుపని చేసేవాళ్ళు తక్కువ వాళ్ళు. వాళ్ళను 'దెగల' అంటారు. రైతు కుటుంబాలు వాళ్ళతో పెళ్ళి సంబంధాలు కలుపుకోవు. భూమి విషయంలోనూ వాళ్ళకు ఆంక్షలున్నాయి. ప్రపంచ చరిత్రపూర్వ శాస్త్రానికి రాతి గీకుడు పనిముట్ల సంగతి పాఠంగా చెప్పినవాళ్ళు, వాళ్ళ ఊళ్ళో అంటీముట్టని మనుషులు. మనకు ఇది కొత్త కథ కాదు. పనిచేసినవాడి చేతిలో విద్య ఉంటుంది, ఆ విద్య ఫలం ఊరంతా వాడుకుంటుంది, చెయ్యి మాత్రం దూరం. మనుస్మృతి పేరు వినని నేల మీద కూడా ఇట్లాంటి కంచె వేయగలిగారంటే, కంచె పుట్టుక ఎక్కడుంది? పనిలో లేదు. భూమి ఎవరి చేతిలో ఉంది, పెళ్ళి ఎవరు ఎవరితో కలుపుకుంటారు అన్న చోట ఉంది.

మన బూడిద దిబ్బలు

మన దగ్గరికొద్దాం. బళ్ళారి, రాయచూరు, అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పెద్ద పెద్ద బూడిద దిబ్బలున్నాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు అధికారులు అవేమిటని ఊళ్ళల్లో అడిగితే, భీముడు చంపిన హిడింబాసురుడి చితాభస్మం అని చెప్పారు. పశువుల పేడ కాలిన బూడిద అని వాదించినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, భూగర్భ సర్వేలో పనిచేసిన మనిషి. ఆయన మాట నిజమని తర్వాత ప్రయోగశాలలో తేలింది. 1957లో మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు) ఆల్చిన్ తవ్వించాడు. దుంగలు పాతి కట్టిన పశువుల దొడ్డి, పొరల మధ్య పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. దొడ్డిలో పేరుకున్న పేడను మళ్ళీ మళ్ళీ కాల్చడం వల్ల దిబ్బ పెరిగింది. ఈ దిబ్బల కాలం సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1200 వరకు. కర్ణాటకలోని బూదిహాళ్‌లో కె. పద్దయ్య 1989 నుంచి జరిపిన తవ్వకాల్లో పశువుల్ని కోసిన చోటు దొరికింది. అక్కడ ఎముకలున్నాయి, కోసిన రాతి పనిముట్లున్నాయి.

మన ఎర్రనేలలో, మన వానల్లో తోలు నిలవదు. కానీ పశువుల మంద చుట్టూ ఊరు కట్టుకుని, పశువును కోసి తిన్న జనం, దాని తోలును పారేశారనుకోవడం తెలివైన మాట కాదు. ఇక కర్నూలు వైపు బేతంచర్ల దగ్గర గుహలో ఎం.ఎల్.కె. మూర్తి 1970లలో ఎముక పనిముట్లు బయటపెట్టారు. అవి సుమారు 19,000 ఏళ్ళ కిందటివి. గీకేవి, గుచ్చేవి, రుద్దేవి వాటిలో ఉన్నాయి. మొరాకో ఎముకల్ని చదివిన కళ్ళతో వీటిని చదవాల్సింది మన విద్యార్థులే.

గమనించండి. ఆ కాలపు మన పూర్వీకుల ఊరు ఆనవాళ్ళు ఏమిటి? పేడ, బూడిద, ఎముక, గిట్ట ముద్ర. మన చరిత్రకు మొదటి పుటలు ఇవే. వాటిని రాక్షసుడి బూడిద అన్నారు. మనల్ని ఏమన్నారో మనకు తెలుసు.

మైల ఎప్పుడొచ్చింది?

ఇంత పాత పనికి మైల ఎప్పుడంటింది? ఋగ్వేదంలో తోలు పదును చేసేవాడిని 'చర్మమ్న' అన్నారు. అంటరానివాడు అన్న మాట అక్కడ లేదు. మనుస్మృతికి వచ్చేసరికి చర్మకారుడు వర్ణసంకరంలో పుట్టినవాడయ్యాడు. ఈ రెంటి మధ్య తోలు మారలేదు. గీకే పద్ధతీ మారలేదు. మారింది సమాజం. ఇంకో వింత చూడండి. జింక తోలు మీద కూచున్న ఋషి పవిత్రుడు, ఆ తోలూ పవిత్రమే. దాన్ని కూచునేందుకు వీలుగా చేసినవాడు మాత్రం ఊరి బయట.

అంబేడ్కర్ 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో, అంటరానితనం సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో స్థిరపడిందని వాదించాడు. ఆయన చెప్పిన సంవత్సరం మీద వాదించుకోవచ్చు. అయితే ఆయన అడిగిన ప్రశ్న అసలైనది. అంటరానితనానికి ఒక పుట్టినరోజు ఉందా అని. హైదరాబాద్ సీసీఎంబీ, అమెరికా పరిశోధకులు కలిసి 2013లో ప్రకటించిన జన్యు అధ్యయనం ఇంకో వైపు నుంచి అదే చెబుతోంది. 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి వరకు ఈ దేశపు జనాలు విస్తారంగా కలిశారు. ఆ తర్వాతే పెళ్ళిళ్ళు గుంపు లోపలికి ముడుచుకున్నాయి. కులం కంచె వయసు వేలల్లో లెక్క. తోలుపని వయసు లక్షల్లో లెక్క. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడమనే మేము అడిగేది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మొరాకో గుహలోవాళ్ళు మాదిగలు కారు, చమార్లు కారు. మేము వంశవృక్షం గీయడం లేదు. అట్లా గీస్తే, పుట్టుకను బట్టి పని అనే వాళ్ళ వాదననే మనం తిరగేసి చెప్పినవాళ్ళమవుతాం. చరిత్రపూర్వ కాలం చెప్పేది ఇంతకంటే పెద్ద సంగతి. అప్పట్లో తోలుపని ఒక కులానిది కాదు. చలిలో బతికిన ప్రతి మనిషి తల్లో తండ్రో తోలు గీకారు. బ్రాహ్మణుడి పూర్వీకులూ గీకినవాళ్ళే. గీకకపోతే ఆ వంశం మిగిలేది కాదు. అందరూ చేసిన పనిని కొందరి మీదికి తోసి, తోసినవాళ్ళు చేతులు కడుక్కున్నారు. ఇదీ జరిగింది.

మనం చేయాల్సింది

"లంద వాసన వదిలించుకోవడానికి మా నాయన జీవితమంతా పట్టింది. మళ్ళీ దాన్ని నెత్తిన పెట్టుకోమంటారా?" అని తరగతిలో ఒక కుర్రాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. చచ్చిన గొడ్డును మోయడం మానేయమని అంబేడ్కరే పిలుపిచ్చాడు. ఊనా తర్వాత గుజరాత్ దళితులు పశువుల కళేబరాల్ని కలెక్టరాఫీసు ముందు పడేసి, మీ ఆవును మీరే తీసుకోండన్నారు. అది సరైన పోరాటం. మేము అడుగుతున్నది పనిలోకి తిరిగి వెళ్ళమని కాదు. నిర్బంధాన్ని వదిలేద్దాం, విద్యను వదలొద్దు. విద్య మనది అని చెప్పుకోవడానికి దాన్ని చేస్తూ ఉండక్కర్లేదు. రాసిపెట్టుకుంటే చాలు.

జాంబ పురాణం చెప్పేవాళ్ళు ఆది జాంబవుడు భూమి కంటే ముందు పుట్టాడంటారు. పండితులు నవ్వుతారు. మేము దాన్ని కాలమానంగా చదవం. మా పని మీ శాస్త్రాల కంటే పాతది అని చెప్పుకున్న జ్ఞాపకంగా చదువుతాం. ఆ మాటకు ఇప్పుడు ఎముక మీద, రాయి మీద సాక్ష్యం దొరికింది.

కాబట్టి ఉపాధ్యాయులు ఆ బొమ్మ ఉన్న పాఠం వచ్చినప్పుడు పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి. ఈ తోలును ఎవరు చేశారు, ఎట్లా చేశారు అని. విద్యార్థులు మీ ఊళ్ళో పెద్దల దగ్గరకు వెళ్ళి రాసుకోండి. ఆరె, రంపె, లంద, వాటి కొలతలు. సున్నంలో ఎన్ని రోజులు, తంగేడు చెక్కలో ఎన్ని రోజులు. ఏ తోలు చెప్పుకు, ఏది మోట బొక్కెనకు, ఏది డప్పుకు. ఆడవాళ్ళు ఏ పని చేసేవాళ్ళు, మగవాళ్ళు ఏది. పాత పనిముట్టు దొరికితే అరిగిన అంచు ఫొటో తీయండి. కొన్సో ఆడవాళ్ళ దగ్గరకు సముద్రాలు దాటి పరిశోధకులు వెళ్ళారు. మన ఇంట్లో అరుగు మీద కూచున్న మనిషి దగ్గరకు మనం వెళ్ళలేమా? ఆ పెద్దాయనకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనడం లేదు. అడిగితే మాత్రం చెబుతున్నాడు. ఆ అమ్మాయి నోటు పుస్తకంలో ఇప్పటికి పదకొండు పేజీలు నిండాయి.